ప్లాను ఒకటే.. కట్టడం ఒకటేనా?

నెల తిరగ్గానే ఫోన్ తీసి నాలుగు నొక్కులు నొక్కి ఇంటికి డబ్బు పంపేస్తున్నాం. గల్ఫ్‌లో మనవాళ్లందరికీ అలవాటైపోయింది. మరి ఆ యాప్‌ను ఎవరు, ఎలా తయారు చేశారో ఎప్పుడైనా ఆలోచించామా?

సాఫ్ట్‌వేర్‌కు సోర్స్ కోడ్ ప్లాను లాంటిది. దాన్నుంచి కంప్యూటర్ నడిపే ఫైలు తయారు చెయ్యడాన్ని 'బిల్డ్' అంటారు. మన చేతికొచ్చేది ప్లాను కాదు, కట్టిన ఇల్లు. 2020లో బయటపడిన సోలార్‌విండ్స్ ఉదంతంలో దొంగలు దూరింది ఈ బిల్డ్ దశలోనే. ప్లానులో లేని దొంగతలుపు కట్టడంలో వచ్చి చేరింది. ఆ అప్‌డేట్ 18 వేల దాకా సంస్థలకు వెళ్లింది.

దీనికి విరుగుడు ఒకటుంది. అదే సోర్సును వేర్వేరు మనుషులు వేర్వేరు మెషిన్ల మీద బిల్డ్ చేసి, ఫైళ్లు బైటుకు బైటు సరిపోయాయో లేదో చూడాలి. మా సైట్లలో కాంక్రీటు క్యూబులను బయటి ల్యాబుకు పంపినట్టే! దీన్నే 'రిప్రొడ్యూసిబుల్ బిల్డ్స్' అంటారు. టార్ బ్రౌజర్, డెబియన్ లినక్స్ వాళ్లు 2013లోనే ఈ పని మొదలుపెట్టారు.

ఇక్కడే ఓ చిక్కు. తప్పు ఏ ఫైల్లో ఉందో తర్వాత చెప్పడానికి కంపైలర్ బిల్డ్ చేసిన ఫోల్డరు చిరునామాను ఫైల్లో రాసేస్తుంది. ఒకరు 'హోమ్/రవి'లో, మరొకరు 'హోమ్/సలీం'లో చేస్తే ఇద్దరూ నిజాయితీపరులైనా ఫైళ్లు కలవవు. ఒక్క అక్షరం మారినా సరిచూసే ముద్ర మొత్తం మారిపోతుంది. తేడా ఫోల్డరు పేరు వల్లా, దొంగ వల్లా అన్నది ముద్ర చెప్పదు.

దారులు రెండు. అందరూ ఒకే ఫోల్డరులో బిల్డ్ చెయ్యడం ఒకటి. చిరునామాను లోపలికి రానివ్వకపోవడం రెండోది. జీసీసీ కంపైలర్‌లో 2018లో 'ఫైల్ ప్రిఫిక్స్ మ్యాప్', గో భాషలో 2019లో 'ట్రిమ్‌పాత్' ఇందుకే వచ్చాయి. కొలతలు గ్రిడ్ లైన్ నుంచి చూపిస్తాం గానీ, కాంట్రాక్టరు ఆఫీసు గుమ్మం నుంచి కాదు కదా! అయితే కొన్ని ప్రోగ్రాములు తమను బిల్డ్ చేసిన ఆదేశాలనే లోపల దాచుకుంటాయి. అప్పుడు ఆ చిరునామా దొడ్డిదారిన మళ్లీ వచ్చేస్తుంది. దాన్ని చేత్తో వెతికి తియ్యాల్సిందే.

ఒక్క మాట. ఫైళ్లు కలిశాయంటే ఆ సోర్సు నుంచే వచ్చాయని అర్థం, సోర్సు మంచిదని కాదు. సోర్సు బయటపెట్టని యాప్‌లకైతే బయటివాడు ఈ పరీక్ష చెయ్యనేలేడు. మన కష్టార్జితం పంపే యాప్‌లు చాలావరకు ఈ కోవలోవే. వాటి విషయంలో మనకు మిగిలింది కంపెనీ మాట ఒక్కటే.