గచ్చు వేయుటకు ముందు



బొల్లాపల్లి ప్రాంతమున నూతనగృహము గట్టదలచువారు పైకప్పును గూర్చి పదిమందిని విచారింతురు. కాళ్లక్రింది గచ్చును మాత్రము తాపీమేస్త్రి యిష్టమునకు విడిచెదరు. కప్పు కారినచో పైనుండి పూత పూయవచ్చును. గచ్చు లేచినచో సామానంతయు వెలికిదీసి, త్రవ్వి, మరల వేయవలసినదే.

కాంక్రీటు గచ్చు ప్రధానముగా రెండు విధములు. పునాదిగోడల నడుమ మట్టి నింపి దానిపై పఱచునది యొకటి. దూలములమీద ఇనుపచువ్వలతో శ్లాబుగా నిలుపునది వేఱొకటి. దీని భారము క్రిందినేలపై నుండదు. ఏది మేలని నన్నడుగువారికి, ముందు మీ నేలను పరీక్షింపుడని నా ప్రత్యుత్తరము.

పలనాటిలో ఎఱ్ఱనేలలును గలవు, నల్లరేగడియు గలదు. రేగడి వానకు నీరు పీల్చి ఉబ్బును. వేసవిలో కుంచించుకొని బీటలు వాఱును. దీనికి మూలము దానియందలి మాంట్‌మొరిల్లనైటు అను బంకఖనిజము. బరువైన గోడలక్రింద ఆ యుబ్బు కొంత యణగును. తేలికయైన గచ్చును మాత్రము నడుమ లేవనెత్తును. నేనెఱిగిన రైతొకడు మిరపపైరు సొమ్మంతయు వెచ్చించి యిల్లు గట్టెను. రెండవ వానకాలమునకే నట్టింటి గచ్చు పగిలి, తలుపులు తెఱువరాకపోయెను. సిమెంటు చెడ్డదని యతడు దుకాణదారునితో జగడమాడెను. దోషము సిమెంటుది గాదు. పునాదికై త్రవ్విన రేగడినే మరల లోపల నింపిరి, ఖర్చు కలిసివచ్చునని!

నేల ఎఱ్ఱదియో మొరమో యైనచో మొదటి విధము చాలును. మొరమును అరయడుగు పొరలుగా పోసి, తడిపి, దిమ్మిసతో గొట్టి, పైన ఇసుక పఱచి, 1 పాలు సిమెంటు, 4 పాళ్లు ఇసుక, 8 పాళ్లు కంకరతో 4 అంగుళముల కాంక్రీటు వేయవలెను. దానిపై మాచర్ల బండలు పఱచినచో అందమునకు అందము, చలువకు చలువ. నాగార్జునకొండ శిల్పములు చెక్కినదియు పలనాటి సున్నపురాతియందే గదా!

రేగడి పలుచనిదైనచో దానిని తీసివైచి మొరము నింపుట సులభము. లోతైనచో రెండవ విధమే శరణ్యము. అడుగున ఉబ్బెత్తుగల స్తంభపు పునాదులు వేసి, వానిపై దూలములను, దూలములపై శ్లాబును నిలుపవలెను. రూర్కీలోని కేంద్ర భవన పరిశోధన సంస్థవారు ఇట్టి పునాదులను అభివృద్ధి చేసిరి. దూలములకును నేలకును నడుమ 3 అంగుళములకు పైబడి ఖాళీ యుండవలెను. అది మట్టి ఉబ్బుటకు విడిచిన చోటు. చువ్వల లెక్క ఇంజనీరు చూచుకొనవలెను, మేస్త్రి గాదు.

నేల జాతి కంటికి తేలనిచో, మూడడుగుల లోతునుండి మట్టి తీసి, ఎండబెట్టి, మెత్తగా జల్లించి, రెండు గాజుగొట్టములలో సమానముగా వేయుడు. ఒకదానిలో నీరు, వేఱొకదానిలో కిరసనాయిలు పోసి 24 గంటలుంచుడు. కిరసనాయిలులో మట్టి ఉబ్బదు. నీటిలోని మట్టి దానికంటె సగపాలు మించి హెచ్చినచో, దానిమీద గచ్చు వేయకుడు.