‘బాగుందిలే’ అంటే బాగుందనేనా?

హోటలు తిండి మీద మనవాళ్ళ అసలు అభిప్రాయం హోటల్లో దొరకదు. డబ్బు కట్టేచోట “ఎలా ఉందండీ?” అని అడిగితే ఎంతటి విమర్శకుడైనా “బాగుంది” అనే అంటాడు. ఇంటికి చేరి, కాళ్ళు కడుక్కుని, మంచం మీద చేరగిలబడ్డాక గానీ అసలు తీర్పు వెలువడదు. అందుకే ఈ వ్యాసం కోసం నేను హోటళ్ళలో ఎవరినీ కదిలించలేదు. ఇళ్ళలో అడిగాను, బస్టాండుల్లో అడిగాను, చింతామణి టమాటా మండీలో అడిగాను. ప్రశ్న ఒక్కటే: “అమెరికా తరహా హోటలుకు వెళ్ళొచ్చారు కదా, ఎలా ఉంది?”

ఎర్ర సోఫా బెంచీలు, ఎత్తు స్టూళ్ళు, గోడ మీద పాత అమెరికన్ కార్ల బొమ్మలు, బర్గర్లు, పాన్‌కేకులు, మిల్క్‌షేకులు ఉండే చోటు అన్నమాట. ఇటువంటి హోటలు గురించి చిక్కబళ్ళాపురం, బాగేపల్లి, చింతామణి వాళ్ళను అడగడమేమిటని మీకు అనుమానం రావచ్చు. ఈ మూడు ఊళ్ళూ 2007 దాకా కోలారు జిల్లాలోవి, ఆ తర్వాత కొత్తగా ఏర్పడ్డ చిక్కబళ్ళాపుర జిల్లాలోవి. బడిలో కన్నడం, ఇంట్లో తెలుగు అన్నది ఇక్కడ ఎన్నో కుటుంబాల పద్ధతి. బాగేపల్లి దాటి కాస్త ముందుకెళితే ఆంధ్ర సరిహద్దు. చింతామణిలో బస్సెక్కితే మదనపల్లెలో దిగొచ్చు. చిక్కబళ్ళాపురం, బాగేపల్లి రెండూ బెంగళూరు–హైదరాబాదు రహదారి మీదే ఉన్నాయి. మనం ఏడో నంబరు రోడ్డని పిలుచుకున్న ఆ దారికి ఇప్పుడు నలభై నాలుగో నంబరు. 2008 మేలో దేవనహళ్ళి విమానాశ్రయం తెరిచాక ఆ దారి తీరే మారిపోయింది. కొడుకును విమానం ఎక్కించడానికో, కూతురిని దింపుకోవడానికో వెళ్ళే కుటుంబాలు దారిలో ఎక్కడో ఒకచోట ఆగి తినాలి. అలా ఆగిన చోట అమెరికా తిండి ఎదురవుతుంది. తీసుకెళ్ళేది సాధారణంగా అమెరికా నుంచి వచ్చిన కొడుకే.

అసలు డైనరు కథ

ఇటువంటి హోటలును అమెరికాలో ‘డైనర్’ అంటారు. దాని పుట్టుక వింటే మన బస్టాండు హోటలు కథలాగే ఉంటుంది. 1872లో రోడ్ ఐలండ్ రాష్ట్రంలోని ప్రావిడెన్స్ నగరంలో వాల్టర్ స్కాట్ అనే ఆయన గుర్రబ్బండిలో తిండి పెట్టుకుని, పత్రికాఫీసు ముందు రాత్రిళ్ళు అమ్మాడు. కొనేవాళ్ళు రాత్రి డ్యూటీ చేసే పనివాళ్ళు. ఆ వేళకు ఊళ్ళో మరే హోటలూ తెరిచి ఉండేది కాదు. తర్వాత బండిలోనే స్టూళ్ళు వేశారు. ఆపైన రైలుపెట్టె ఆకారంలో ఫ్యాక్టరీల్లో తయారుచేసి, ఏ ఊరికి కావాలంటే ఆ ఊరికి తోలారు. రెండో ప్రపంచ యుద్ధం తర్వాత స్టీలు రేకుల మెరుపు వచ్చింది. కప్పు ఖాళీ అయితే అడక్కుండానే మళ్ళీ కాఫీ పోయడం, ఏ వేళకు వెళ్ళినా టిఫిను దొరకడం, రోజూ వచ్చే లారీ డ్రైవరును పేరుపెట్టి పలకరించడం అక్కడి మర్యాదలు. 1955లో జార్జియాలో మొదలైన వాఫిల్ హౌస్ లాంటివి ఇరవై నాలుగు గంటలూ తెరిచే ఉంటాయి. అంటే డైనరు పుట్టింది పనివాడి ఆకలి కోసం. మన దగ్గరకు వచ్చేసరికి అది పండగపూట వెళ్ళే షోకు హోటలయింది.

బెంగళూరు పాత గొడవ

అమెరికా తిండి మీద కన్నడ దేశం అభిప్రాయం చెప్పడం ఇది మొదలు కాదు. 1995 జూన్‌లో బెంగళూరు బ్రిగేడ్ రోడ్డులో కెంటకీ ఫ్రైడ్ చికెన్ వారు మనదేశంలో తమ తొలి దుకాణం తెరిచారు. అదే సంవత్సరం నగరపాలక సంస్థ అజినొమోటో మోతాదు ఎక్కువైందని లైసెన్సు రద్దు చేసింది. వ్యవహారం హైకోర్టుకెక్కి, దుకాణం మళ్ళీ తెరుచుకుంది. 1996 జనవరి 30న ఆచార్య ఎం.డి. నంజుండస్వామి నాయకత్వంలోని కర్ణాటక రాజ్య రైతు సంఘం కార్యకర్తలు ఆ దుకాణం మీద దాడి చేసి సామాను పగలగొట్టారు. విదేశీ కంపెనీలు మన సేద్యాన్నీ తిండినీ మింగేస్తాయన్నది వారి భయం. అదే ఏడాది అక్టోబరులో ఢిల్లీలో మెక్‌డొనాల్డ్స్ వచ్చింది. కానీ గొడ్డుమాంసమూ పందిమాంసమూ లేకుండా, శాకాహారానికి వేరే వంటగట్టు పెట్టుకుని వచ్చింది. అమెరికా మన నాలుకకు తలవంచిందన్నమాట.

మనవాళ్ళు కూడా అటునుంచి నేర్చుకోకపోలేదు. 1983లో బెంగళూరు జయనగరంలో మొదలైన కెఫే దర్శిని, విదేశీ ఫాస్ట్‌ఫుడ్ పద్ధతిని ఇడ్లీ దోసెలకు అన్వయించింది. టోకెను తీసుకోవడం, నిలబడి తినడం, వెళ్ళిపోవడం. ఇప్పుడు ‘దర్శిని’ అన్న మాట లేని వీధి బెంగళూరులో అరుదు. కాబట్టి పద్ధతి అమెరికాదా, మనదా అన్నది పెద్ద సమస్య కాదు. ఎవరికోసం అన్నదే సమస్య.

ఎవరేమన్నారంటే

మొదట మెచ్చుకున్నవాళ్ళ మాట. చింతామణి నుంచి వెళ్ళి బెంగళూరులో చదువుకుంటున్న ముగ్గురు అమ్మాయిలు ముక్తకంఠంతో “చాలా బాగుంటుంది” అన్నారు. తిండి సంగతి అడిగితే “తిండి మామూలే” అని నవ్వారు. మరి బాగుండేదేమిటి? “అక్కడ మేము రెండు గంటలు కూర్చున్నా ఎవరూ లేవమనరు. ఎవరి పిల్లలు మీరు అని అడగరు. బాత్‌రూము శుభ్రంగా ఉంటుంది.” ఆలోచిస్తే ఇది బర్గరుకు ఇచ్చిన కితాబు కాదు, మన ఊరి హోటళ్ళకు ఇచ్చిన చురక. రాగిముద్ద హోటళ్ళలో మగవాళ్ళే కిటకిటలాడుతుంటారు. ఒంటరిగా ఓ ఆడపిల్ల వెళ్ళి ముద్ద తిని రావడం చాలాచోట్ల ఇప్పటికీ వింతే.

ఇక ముసలివాళ్ళ మాట. బాగేపల్లి దగ్గర పల్లెలో ఒక పెద్దమ్మను అడిగాను. మనవడి ముందు అడిగినప్పుడు “బాగుండాదిలే నాయనా, ఏం తక్కువ చేసినారు!” అంది. మనవడు లేచి అటు వెళ్ళాక అసలు సంగతి బయటికొచ్చింది: “ఆ రొట్టెను రెండు చేతుల్తో పట్టుకోవాలంట. ఎడం చెయ్యి ఎట్ల పెట్టేది తిండి మీద? నోరు పెద్దగా తెరవాల, నాకు పండ్లు యాడుండాయి? పిల్లోళ్ళు సంతోషంగా ఉండారని ఊరుకొంటి.” ఇంటికొచ్చి మజ్జిగలో ఇంత సంగటి పిసుక్కుని తాగి పడుకుందట.

చిక్కబళ్ళాపురంలో రిటైరైన ఒక మాస్టారు స్టూలు మీద తీర్పు చెప్పారు: “కాళ్ళు నేలకానకుండా భోజనం చేయడం నా జన్మలో అదే మొదలండీ!” చింతామణిలో ఒక శాకాహార కుటుంబం ఇల్లాలికి వేరే దిగులు. ఉర్లగడ్డ వేపుడూ కోడిముక్కలూ ఒకే నూనెలో వేయిస్తారా అన్నది ఆమె సందేహం. తెలుగులో అడిగింది, కన్నడంలో అడిగింది. కుర్రవాడు ఇంగ్లీషులో ఏదో చెప్పాడు. అర్థం కాలేదని ఒప్పుకోవడం ఇష్టంలేక నిమ్మకాయ సోడా ఒకటి తాగి వచ్చేసింది.

హైదరాబాదు దారిన లారీ తోలే డ్రైవరు ఒకాయన మాట నాకు మరీ గుర్తుండిపోయింది. “మా బండి నిలపడానికి అక్కడ చోటుండదు సార్. కార్లకే.” లారీ డ్రైవర్లను ఆదరించి ఎదిగిన హోటలు, మన రోడ్డు మీదకు వచ్చేసరికి లారీకి చోటివ్వకపోవడం చూడండి!

టమాటా మండీలో ఒక రైతు మాత్రం తిండిని వ్యాపారంగానే చూశాడు. “ఆ ఉర్లగడ్డ మనదేనా?” అని నన్నే ఎదురు అడిగాడు. మంచి ప్రశ్న. చిక్కబళ్ళాపురం, కోలారు ప్రాంతాల్లో రైతులు ఎక్కువగా వేసేది కూరకు పనికొచ్చే కుఫ్రి జ్యోతి రకం. పొడవాటి వేపుళ్ళకు పొడుగు దుంప కావాలి. అందులో నీటి శాతం, చక్కెర శాతం తక్కువుండాలి. చక్కెర ఎక్కువైతే నూనెలో పడగానే నల్లబడుతుంది. అటువంటి రకాలను కంపెనీలు గుజరాతు రైతుల చేత పండించి, మెహసాణా వంటి చోట్ల కోసి, గడ్డకట్టించి దేశమంతా పంపుతాయి. అంటే మన పొలం పక్కన హోటలు ఉన్నా మన గడ్డకు దాంట్లో ప్రవేశం కష్టమే. ఇది విని ఆయన అన్నాడు: “ధర పడిపోతే మేము టమాటా రోడ్డు పక్కన పారబోస్తాము. వాళ్ళు చిటికెడు సాసుకు లెక్క కడతారు.” నంజుండస్వామి గారి ఉద్యమం గురించి ఆయనకు తెలుసో లేదో నేను అడగలేదు. ఆ భయం మాత్రం ఇంకా బతికే ఉంది.

మారు వడ్డన

ఇన్ని అభిప్రాయాలూ పక్కపక్కన పెట్టి చూస్తే ఒక విషయం తేలింది. రుచి బాగాలేదన్నవాళ్ళు తక్కువ. చల్లగా ఉందనీ, తీపి ఎక్కువనీ, ఆ డబ్బుతో ముగ్గురం ముద్ద తినొచ్చనీ అన్నవాళ్ళున్నారు గానీ, అది పైపై ఫిర్యాదు. పెద్దవాళ్ళందరి మాటల్లో మళ్ళీ మళ్ళీ వినబడింది ఇదీ: “ఇంకొంచెం పెట్టమంటావా అని అడిగేవాళ్ళు లేరు.”

మన ముద్ద హోటలు సంగతి చూడండి. మరిగే ఎసట్లో రాగిపిండి పోసి, కట్టెతో గెలికి, తడిచేత్తో ఉండ చుట్టి పళ్ళెంలో పెడతారు. పక్కన మస్సొప్పో, బస్సారో, నాటుకోడి పులుసో. చలికాలమైతే అనపగింజలు నానబెట్టి తోలు తీసిన పితికిన పప్పు పులుసు. ముద్ద నమలకూడదు, పులుసులో అద్ది మింగాలి. పులుసు తగ్గిందని వడ్డించేవాడు కనిపెట్టి, అడక్కుండానే గరిటెతో పోస్తాడు. “చాలప్పా” అంటే “ఇంగొక్క గరిటె” అంటాడు. వడ్డించేవాడు మనవాడైతే కడపంతిలో కూర్చున్నా ఫర్వాలేదన్న సామెత ఊరికే పుట్టలేదు. అమెరికా డైనరులో అడక్కుండా మళ్ళీ పోసే కాఫీకీ ఈ గరిటెడు పులుసుకూ తేడా ఏముంది? నిజానికి ప్రావిడెన్స్ గుర్రబ్బండికి అసలైన వారసుడు చింతామణి బస్టాండు పక్కనున్న ముద్ద హోటలే అనిపిస్తుంది నాకు. స్టూళ్ళూ బొమ్మలూ సముద్రం దాటి వచ్చాయి గానీ, ఆ మారు వడ్డన మాత్రం ఓడ ఎక్కినట్టు లేదు.

అలాగని పొరుగింటి పుల్లకూరను తిట్టి మన ఇంటి కూరను నెత్తికెత్తుకోవడం నా ఉద్దేశం కాదు. ఆ ముగ్గురు అమ్మాయిలు చెప్పింది మన హోటలువాళ్ళు చెవిన పెట్టాలి. నాలుగు శుభ్రమైన బల్లలు, ఆడవాళ్ళు జంకు లేకుండా కూర్చునే చోటు, తలుపూ నీళ్ళూ ఉన్న మరుగుదొడ్డి ఏర్పాటు చేస్తే, ముద్ద తినడానికి వాళ్ళు రారా? హైవే మీద బైపాసులూ వంతెనలూ పడి కార్లు ఊళ్ళోకి రాకుండానే సాగిపోతున్న రోజుల్లో, ఊరి హోటలు నిలబడాలంటే కొత్తవాళ్ళు రావాలి. ఆ హోటలు మూతపడితే పోయేది ముద్ద ఒక్కటే కాదు. కన్నడం బడిలోనే చదివినా, తెలుగులో అడిగి తెలుగులో వడ్డించుకునే చోటు ఒకటి పోతుంది. ఇంగ్లీషు కార్డు చదవలేక నిమ్మకాయ సోడాతో సరిపెట్టుకునే తల్లులు మరింతమంది అవుతారు.

ఇక దూరాన ఉన్న మన కుటుంబాలకు ఒక మనవి. సెలవులకు వచ్చినప్పుడు అమ్మానాన్నలను ఎక్కడికైనా తీసుకెళ్ళండి, అమెరికా హోటలుకే తీసుకెళ్ళండి, తప్పులేదు. పెద్దవాళ్ళకూ కొత్త చోటు చూడాలని ఉంటుంది. వీపు ఆనే కుర్చీ చూసి కూర్చోబెట్టండి. కార్డు మీరే చదివి తెలుగులో చెప్పండి. రొట్టెను కత్తితో నాలుగు ముక్కలు చేయించండి. అన్నిటికన్నా ముఖ్యం, తిన్నాక “ఎలా ఉంది?” అని అడిగే బదులు, తినకముందే “ఏం తింటావమ్మా?” అని అడగండి. తిన్నాక అడిగే ప్రశ్నకు బిల్లు కట్టే కొడుకు మనసు నొప్పించకుండా ఒకే జవాబు ఉంటుంది. తినకముందు అడిగితే నిజం చెబుతారు. “సంగటి” అంటే, బండి ఊళ్ళోకి తిప్పండి.

మీమీ ఊళ్ళలో మీ పెద్దవాళ్ళు ఇటువంటి హోటళ్ళ గురించి ఏమన్నారో మాకు రాయండి. ‘బాగుందిలే’ అన్నవి మాత్రం వద్దు, ఇంటికొచ్చాక అన్నవే రాయండి.