రాజీనామాకు ముందు యజమానికి ఎంత చెప్పాలి?

ఉద్యోగంలో చేరే రోజున సలహా చెప్పేవారు ఎందరో ఉంటారు. ఆ ఉద్యోగం వదులుకోవలసి వస్తుందేమో అన్న సందేహం కలిగిన నాడు మాత్రం మనిషి ఒంటరివాడవుతాడు. మానేస్తాడో లేదో అతనికే తెలియదు. అటువంటి వేళ పై అధికారితో ఎంత చెప్పాలి? అంతా చెబితే ఉన్న ఉపాధి పోతుందేమోనని భయం. ఏమీ చెప్పకుంటే నమ్మినవారిని మోసగించినట్లవుతుందేమోనని బాధ. రెండేళ్ల క్రిందట ఈ ప్రశ్న మా ఇంటికి వచ్చింది. అప్పుడు మేము పడిన తర్జనభర్జన మరికొన్ని కుటుంబాలకు ఉపయోగపడగలదన్న ఆశతో భార్యాభర్తలం ఇద్దరం కలిసి ఈ వ్యాసం వ్రాస్తున్నాము.

ముందుగా ఎవరు అడగాలి?

మాలో భార్య ఒక ప్రైవేటు హైస్కూలులో గణితం బోధించేది. అప్పటికి ఆరున్నర సంవత్సరాల సర్వీసు. భర్త మోటారు పంపులు అమ్మే కంపెనీలో సేల్స్ ఉద్యోగి. వారంలో నాలుగు రోజులు ఊళ్లు తిరగవలసిన పని. డిసెంబరులో అమ్మీకి పక్షవాతం వచ్చి కుడి చెయ్యి, కుడి కాలు పడిపోయాయి. పన్నెండు రోజులు ఆసుపత్రిలో ఉంచి ఇంటికి తీసుకువచ్చాము. మంచం మీది మనిషిని లేపి కూర్చోబెట్టడం, స్నానం చేయించడం, తినిపించడం, డాక్టరు చెప్పిన వ్యాయామాలు చేయించడం ఒక్కరి వల్ల అయ్యే పని కాదని మూడు రోజుల్లోనే తెలిసివచ్చింది. పగటి పూటకు ఒక ఆయా దొరికింది గాని, పది గంటలకు ముందు రాలేనన్నది. స్కూలు గంట కొట్టేది తొమ్మిదింటికి.

బంధువులందరి నోటా ఒకటే మాట: "కోడలు ఉద్యోగం మానేస్తే సరిపోతుంది కదా!" నిజం చెప్పాలంటే మాకూ మొదట అదే తోచింది. తరువాత కూర్చుని ఆలోచించాము. తల్లి సేవ మొట్టమొదట కొడుకు బాధ్యత. ఇల్లు నడిపే భారం భర్తది, భార్య సంపాదన ఆమె సొంతం. అత్తగారికి కోడలు చేసే సేవ ఆమె మంచితనం, దానిని హక్కుగా అడగరాదు. ఈ మాటలు మన సభలలో ఎన్నోసార్లు విన్నవే. మన ఇంట్లో అమలు చేయవలసి వచ్చినప్పుడే వాటి బరువు తెలుస్తుంది.

కనుక మొదట తన మేనేజరు వద్దకు వెళ్లవలసినవాడు భర్త అయ్యాడు. తిరుగుడు నాలుగు రోజుల నుండి రెండు రోజులకు తగ్గించమని అడిగితే మూడు రోజులకు తగ్గించారు. ఇక మిగిలింది ఆ మూడు రోజుల ఉదయం వేళ. దానికోసం స్కూలులో మాట్లాడక తప్పలేదు.

మూడు సలహాలు

ఒక బంధువు అన్నాడు: "నీ ఆరోగ్యమే బాగాలేదని చెప్పమ్మా, ఎవరూ ఎదురు ప్రశ్న వేయరు." అది అబద్ధం. పైగా ఒక అబద్ధానికి డాక్టరు చీటీ రూపంలో మరో అబద్ధం తోడు కావాలి. మరొకరు అన్నారు: "ఈ నెల జీతం చేతికి రాగానే వెళ్లడం మానేయండి. అందరూ చేసేది అదే." ఆమె చేతిలో పదవ తరగతి రెండు సెక్షన్లు ఉన్నాయి. మార్చిలో పబ్లిక్ పరీక్షలు. ఆ పిల్లలు ఆమె వద్ద ఉన్న అమానతు. జనవరిలో వారిని వదిలివేస్తే నష్టపోయేది యాజమాన్యం కన్నా ముందు వారే.

మూడవ సలహా మా మనసు చెప్పినది: ప్రిన్సిపాల్ గారి ముందు అంతా విప్పి చెప్పుకోవడం. అమ్మీ అనారోగ్యం, ఆసుపత్రి అప్పు, తల్లిని చూసుకునే విషయంలో అన్నదమ్ముల మధ్య వచ్చిన మాటలు, ఉద్యోగం మానేయాలేమో అన్న ఆలోచన, అన్నీ. ఇది నిజాయితీగా కనిపించింది. దీనివల్లనే ఎక్కువ నష్టం జరిగేదని తరువాత అర్థమైంది.

మా వీధిలో మేము చాచా అని పిలుచుకునే పెద్దాయన ఉన్నారు. బ్యాంకులో పనిచేసి పదవీ విరమణ పొందినవారు. ఆయన మా మాటలన్నీ విని ఇలా అన్నారు: "మీరు ఇంకా నిర్ణయించుకోని సంగతిని బయట పెడితే, ఆ నిర్ణయం ఇక మీ చేతిలో ఉండదు. రాజీనామా సంగతి ఎత్తకండి. మీ కష్టమేమిటో చెప్పండి, కావలసినదేమిటో అడగండి."

ఆ మాట వినగానే అదే స్కూలులో జరిగిన ఒక సంగతి గుర్తుకు వచ్చింది. అంతకు ముందు సంవత్సరం ఒక టీచరు స్టాఫ్ రూములో "వచ్చే ఏడాది ఉంటానో లేదో" అని అన్నది. రెండు వారాలు తిరగకుండానే ఆమె స్థానానికి ఇంటర్వ్యూలు మొదలయ్యాయి. వెళ్లాలని ఆమె నిర్ణయించుకోనే లేదు. ఉండాలనుకున్న నాటికి ఆమె కుర్చీలో మరొకరు కూర్చున్నారు.

మూడు ప్రశ్నలు

ఆ రాత్రి మేము ఒక కాగితం తీసుకుని చెప్పాలనుకున్న ప్రతి విషయం వ్రాశాము. ఒక్కొక్క దానికి మూడు ప్రశ్నలు వేసుకున్నాము.

మొదటిది: ఈ సంగతి చెప్పే హక్కు మనకు ఉన్నదా? అన్నదమ్ముల మాటలు ఇతరుల రహస్యాలు. అవి నిజమే అయినా, వారు లేనిచోట చెప్పడం గీబత్ అవుతుంది. కొట్టివేశాము.

రెండవది: ఈ సంగతికీ స్కూలు పనికీ సంబంధం ఉన్నదా? అమ్మీ అనారోగ్యానికి ఉన్నది, ఎందుకంటే మూడు రోజులు మొదటి పీరియడుకు ఆమె రాలేదు. ఆసుపత్రి అప్పుకు లేదు. అదీ కొట్టివేశాము.

మూడవది: ఇది నిర్ణయమా, ఆలోచనేనా? మానేయాలేమో అన్నది ఆలోచన మాత్రమే. మనసులో మెదిలే ప్రతి ఆలోచననూ యజమానికి చెప్పవలసిన బాధ్యత ఎవరికీ లేదు. చెప్పకపోవడం మోసం కాదు. నిర్ణయం జరిగిన తరువాత దాచిపెడితే మాత్రం అది అన్యాయం. మరొకరిని వెతుక్కునే గడువు వారికి దక్కాలి.

కాగితం మీద చివరకు మిగిలినవి మూడే వాక్యాలు: అత్తగారు మంచాన పడ్డారు. పరీక్షలు ముగిసేదాకా వారంలో మూడు రోజులు మొదటి పీరియడు వేరే వేళకు మార్చాలి. పదవ తరగతి సిలబస్ బాధ్యత పూర్తిగా నాది.

అనుకోని ప్రశ్న

ప్రిన్సిపాల్ గారు శ్రద్ధగా విన్నారు. ఆ తరువాత సూటిగా అడిగారు: "మానేసే ఆలోచన ఏమైనా ఉందా, టీచర్?"

దీనికి మేము సిద్ధపడి వెళ్లలేదు. లేదంటే అబద్ధం. ఉందంటే చాచా హెచ్చరించిన ప్రమాదం. ఆమె ఒక క్షణం ఆగి ఉన్నదున్నట్లు చెప్పింది: "ఇంకా ఏమీ నిర్ణయించుకోలేదు మేడమ్. నిర్ణయించుకున్న రోజున మొదట మీకే చెబుతాను. ఈ పిల్లల పరీక్షలు అయ్యేదాకా మాత్రం ఎక్కడికీ వెళ్లను."

అది నిజం. దానితో పాటు అది ఒక వాగ్దానం కూడా. నిలబెట్టుకోగలిగినంత మాత్రమే వాగ్దానం చేయాలన్నది ఇక్కడ మేము నేర్చుకున్న పాఠం. మర్నాడు టైంటేబుల్ మారింది. అందుకు బదులుగా సాయంత్రం స్టడీ అవర్ ఆమె తీసుకున్నది.

నిర్ణయం జరిగిన తరువాత

మార్చి ఆఖరున, పరీక్షలు ముగిసే వేళకు, ఆయా తన ఊరికి వెళ్లిపోయింది. ఇంట్లో మళ్లీ మష్వరా చేశాము. ఎవరి జీతం ఎంత, ఇంటి ఖర్చు ఎంత అని పద్దు వేసుకున్నాము. ఇస్తిఖారా నమాజు చేసుకున్నాము. చివరి మాట ఉద్యోగం చేసే ఆమెదేనని ముందే అనుకున్నాము. ఆమె మానేయాలని నిశ్చయించుకున్నది. మరునాడు ఉదయం, స్టాఫ్ రూములో ఎవరికీ తెలియక ముందే, ప్రిన్సిపాల్ గారికి స్వయంగా చెప్పి ఉత్తరం ఇచ్చింది. నియామక పత్రంలో ఉన్న ఒక నెల గడువు ప్రకారం ఏప్రిల్ 30 చివరి రోజు.

ఉత్తరంలో కారణం ఒక్క వాక్యమే: కుటుంబ బాధ్యతలు. ఫిర్యాదులు లేవు. చివరి పని దినం, రావలసిన జీతం, అనుభవ ధ్రువపత్రం, ఆఫీసులో ఉన్న ఒరిజినల్ సర్టిఫికెట్లు తిరిగి ఇవ్వడం, గ్రాట్యుటీ: ఇవి మాత్రం స్పష్టంగా వ్రాశాము. నకలు మీద తేదీతో సంతకం, స్టాంపు వేయించుకున్నాము. దివ్య ఖుర్ఆన్‌లో అన్నిటికన్నా పొడవైన వాక్యం అప్పు ఒప్పందాన్ని వ్రాసి పెట్టుకోవడం గురించినదే. వ్రాత కోరడం అపనమ్మకానికి గుర్తు కాదు, ఇద్దరికీ రక్షణ.

గ్రాట్యుటీ గురించి ప్రైవేటు పాఠశాలల సోదరీమణులు తప్పక తెలుసుకోవాలి. ఆఫీసు గుమాస్తా "టీచర్లకు అది లేదు" అన్నాడు. 1972 నాటి గ్రాట్యుటీ చట్టాన్ని 2009లో సవరించి, 1997 ఏప్రిల్ 3 నుండి ఉపాధ్యాయులకు కూడా వర్తింపజేశారు. ఆ సవరణ చెల్లుతుందని సుప్రీంకోర్టు 2022లో తీర్పు చెప్పింది. సాధారణంగా ఐదేళ్ల సర్వీసు నిండాలి. ఆ చట్టం ప్రకారం చివరి నెల మూల వేతనం, కరువు భత్యం కలిపి 15తో గుణించి, 26తో భాగించి, సర్వీసు సంవత్సరాలతో గుణించేవారు. ఆరు నెలలు దాటిన భాగాన్ని పూర్తి సంవత్సరంగా లెక్కిస్తారు. ఆమె సర్వీసు ఆరేళ్ల పది నెలలు కనుక ఏడేళ్ల లెక్క. నెలకు 18,000 రూపాయల మీద వచ్చిన మొత్తం 72,692 రూపాయలు. చాచా ఈ వివరాలు కాగితం మీద వ్రాసి ఇచ్చారు. వాదులాట లేకుండా ఆ కాగితమే పని చేసింది.

అందరి పరిస్థితి ఒకటి కాదు

గర్భవతి అయిన సోదరి తొందరపడి రాజీనామా మాట ఎత్తకూడదు. ప్రసూతి ప్రయోజనాల నిబంధనలు వర్తించే సంస్థలో, ప్రసవానికి ముందు పన్నెండు నెలల్లో 80 రోజులు పనిచేసి ఉంటే, మొదటి ఇద్దరు పిల్లల వరకు 26 వారాల వేతన సెలవు ఆమె హక్కు. లైంగిక వేధింపుల వల్ల మానేయాలనుకునే మహిళలు వేధించినవారితోనే మాట మొదలుపెట్టనవసరం లేదు. పది మంది లేక అంతకు మించి పనిచేసే సంస్థలో అంతర్గత ఫిర్యాదుల కమిటీ ఉండాలని 2013 నాటి చట్టం చెబుతున్నది. వ్రాతపూర్వకంగా దానిని ఆశ్రయించవచ్చు.

గల్ఫ్‌లో ఉన్న మన సోదరులకు వీసా కూడా ఉద్యోగంతోనే ముడిపడి ఉంటుంది. అక్కడ కోపంలో పంపిన ఒక్క వాట్సాప్ సందేశం ఇంటిల్లిపాదినీ ఇబ్బంది పెట్టగలదు. ఉదాహరణకు ఎమిరేట్స్‌లో ప్రైవేటు ఉద్యోగాలకు 30 నుండి 90 రోజుల వరకు ముందస్తు గడువు ఇవ్వాలి. ఒప్పంద పత్రంలో ఎన్ని రోజులున్నదో చూసుకుని, ఇంటివారితో సంప్రదించి, ఆ తరువాతనే నోరు విప్పాలి.

ఎక్కడైనా సూత్రం ఒక్కటే. అబద్ధం చెప్పవద్దు. ఇతరుల రహస్యాలు చెప్పవద్దు. నిర్ణయం కాని దానిని నిర్ణయంలా చెప్పవద్దు. నిర్ణయం జరిగిన తరువాత ఒక్క రోజు కూడా దాచవద్దు.

ఏప్రిల్ 30న ఆమె సెలవు తీసుకోబోతుంటే ప్రిన్సిపాల్ గారు గుమ్మం దాకా వచ్చారు. "మొదట నాకే చెబుతానన్నారు, అలాగే చెప్పారు" అన్నారు. ఆ వేసవిలోనే తన బంధువుల పిల్లలు ఇద్దరిని ట్యూషన్ కోసం మా ఇంటికి పంపారు. ఇప్పుడు సాయంత్రం పూట తొమ్మిది మంది పిల్లలు వస్తున్నారు. అమ్మీ గోడ పట్టుకుని వరండా దాకా నడిచివచ్చి, వాళ్లు ఎక్కాలు అప్పజెబుతుంటే వింటున్నది.

మాటలో సత్యాన్ని, నడతలో వివేకాన్ని అల్లాహ్ మనందరికీ ప్రసాదించుగాక. ఆమీన్.