ప్రాణం పక్కన నిలబడే చదువు

ఐసీయూ బయట కుర్చీల్లో కూర్చున్న ఏ కుటుంబాన్ని చూసినా ఒకటే ఆరాటం. 'పెద్ద డాక్టరు గారు వచ్చారా? ఏమన్నారు?' అనే అడుగుతుంటారు. పెద్ద డాక్టరు వచ్చి, పరీక్షించి, మందులు మార్చి వెళ్తారు. డ్యూటీ డాక్టరు పిలిస్తే పలికే దూరంలో ఉంటారు. మరి అర్ధరాత్రి రెండింటికి, తెల్లవారుజామున నాలుగింటికి కూడా మంచం పక్కనుంచి కదలకుండా ఉండేదెవరు? నర్సు. గండం గడిచి ఇంటికొచ్చాక 'ఆ సిస్టరు కన్నబిడ్డలా చూసుకుంది' అని వచ్చినవాళ్లందరికీ చెబుతాం.

అదే ఇంట్లో బైపీసీ పూర్తిచేసిన అమ్మాయి 'నర్సింగ్ చదువుతా నాన్నా' అంటే మాత్రం ముఖాలు మారిపోతాయి. 'ఎంబీబీఎస్ సీటు రాకపోతే నర్సింగేనా?' అంటారు నాన్న. 'రాత్రి డ్యూటీలు, రేపు సంబంధాలు చూడాలంటే ఎలా?' అని అమ్మ నసుగుతుంది. అడిగింది అబ్బాయైతే ఆశ్చర్యం ఇంకాస్త ఎక్కువ. కాదనే ముందు, అవుననే ముందు కూడా, ఆ చదువులో ఏముందో ఒకసారి చూడాలి. ముఖ్యంగా అందులో అన్నింటికన్నా కఠినమైన భాగాన్ని. అదే క్రిటికల్ కేర్ నర్సింగ్. అంటే విషమ స్థితిలో ఉన్న రోగుల సంరక్షణ.

విద్యార్థులే ఊపిరి అందించారు

ఐసీయూ పుట్టుకలోనే విద్యార్థుల పాత్ర ఉంది. 1952లో డెన్మార్క్ రాజధాని కోపెన్‌హేగెన్‌లో పోలియో విజృంభించింది. ఊపిరి కండరాలు చచ్చుబడి రోగులు చనిపోతుంటే, బ్యోర్న్ ఇబ్సెన్ అనే మత్తు డాక్టరు ఒక ఉపాయం చెప్పారు. గొంతు దగ్గర శ్వాసనాళానికి రంధ్రం చేసి, గొట్టం అమర్చి, రబ్బరు సంచిని చేత్తో నొక్కుతూ గాలి పంపాలి. ఆ సంచిని రాత్రింబవళ్లు ఎవరు నొక్కాలి? సుమారు 1500 మంది వైద్య విద్యార్థులు వంతులవారీగా వచ్చి ఆ పని చేశారు. విషమంగా ఉన్నవాళ్లందరినీ ఒకేచోట ఉంచి, అనుక్షణం కనిపెట్టుకొని ఉంటే బతికించుకోవచ్చని ఆ అనుభవం నేర్పింది. ఆ మరుసటి సంవత్సరమే అక్కడ ప్రత్యేక విభాగం మొదలైంది. ఇప్పుడు గాలి పంపేది వెంటిలేటరు. కనిపెట్టుకొని ఉండే పని మాత్రం ఇప్పటికీ మనుషులదే.

ఎప్పుడు నేర్పిస్తారు?

మన దేశంలో బీఎస్సీ నర్సింగ్ నాలుగేళ్లు, ఎనిమిది సెమిస్టర్లు. భారతీయ నర్సింగ్ మండలి 2021లో పాఠ్యప్రణాళికను మార్చి సెమిస్టర్ పద్ధతి తెచ్చింది. మొదటి ఏడాది శరీర నిర్మాణం, శరీర ధర్మాలు, నర్సింగ్ మౌలిక పాఠాలు. పరుపు మీద దుప్పటి సరిచేయడం, నాడి చూడటం, రక్తపోటు కొలవడం ఇక్కడే నేర్చుకుంటారు. రెండో ఏడాదిలో పెద్దల జబ్బుల సంరక్షణ, మందుల శాస్త్రం వస్తాయి. అత్యవసర, విషమ స్థితి సంరక్షణ పాఠాలు అక్కడే మొదలవుతాయి. చివరి సెమిస్టర్ ఇంటర్న్‌షిప్.

ముందు బొమ్మ మీద సాధన చేస్తారు. గుండె ఆగినప్పుడు ఛాతీని నిమిషానికి 100 నుంచి 120 సార్లు, 5 నుంచి 6 సెంటీమీటర్ల లోతున నొక్కాలి. 30 సార్లు నొక్కాక రెండుసార్లు శ్వాస ఇవ్వాలి. చెబితే రెండు వాక్యాలే. చేస్తే రెండు నిమిషాలకే చేతులు లాగేస్తాయి. అందుకే రెండు నిమిషాలకొకసారి నొక్కే మనిషి మారాలని కూడా నేర్పుతారు. ఆ తర్వాతే ఐసీయూలోకి అడుగు. అక్కడ కూడా విద్యార్థి సొంతంగా నిర్ణయాలు తీసుకోరు. ఏ పనైనా సీనియర్ నర్సు, ట్యూటర్ కళ్లెదుట చేయాల్సిందే.

తెర కన్నా ముందు మనిషి

కొత్తగా వచ్చిన విద్యార్థి కళ్లు మానిటర్ మీదే ఉంటాయి. ఆక్సిజన్ అంకె ఉన్నట్టుండి 97 నుంచి 82కు పడిపోయి అలారం మోగిందనుకోండి, గుండె జారిపోతుంది. ట్యూటర్ నేర్పే మొదటి సూత్రం: 'తెరను కాదు, ముందు మనిషిని చూడు.' రోగి పెదాలు నీలంగా మారాయా? ఛాతీ రెండు పక్కలా సమానంగా లేస్తోందా? గొట్టంలో కఫం అడ్డుపడిందా? ఎక్కడైనా ఊడిందా? లేక వేలికి పెట్టిన క్లిప్పు జారిపోయిందా? చేతులు చల్లబడినా, గోళ్లకు రంగున్నా కూడా అంకె తప్పుగా రావచ్చు. ఈ ప్రశ్నలన్నీ క్షణాల్లో మెదలాలి. ఏది నిజమైన ప్రమాదమో, ఏది ఉత్త చప్పుడో తేల్చుకోగలగడమే ఈ చదువులో సగం.

మిగతా సగం ప్రమాదం రాకముందే పసిగట్టడం. గంటగంటకూ మూత్రం కొలిచి రాయడం చూసేవాళ్లకు చిన్న పనిలా అనిపిస్తుంది. కిలో బరువుకు గంటకు అర మిల్లీలీటరు కన్నా తగ్గిందంటే కిడ్నీలకు రక్తం సరిగా అందడం లేదేమోనని అనుమానించాలి. అప్పటిదాకా మాట్లాడుతున్న మనిషి తికమకగా జవాబులిస్తుంటే, ఊపిరి వేగం పెరుగుతుంటే డాక్టరుకు వెంటనే చెప్పాలి. 'ఎందుకో బాగా లేరండీ' అంటే కుదరదు. ఎవరు, ఏ జబ్బుతో ఉన్నారు, ఇప్పుడేం మారింది, ఏం కావాలి అన్నది వరుసగా చెప్పడం కూడా పాఠమే.

చుక్క తప్పితే

'మాకు లెక్కలు రావని కదా బైపీసీ తీసుకున్నాం' అనేవాళ్లకు ఐసీయూలో చుక్కెదురే. ఉదాహరణకు రక్తపోటు పడిపోయినవారికి ఇచ్చే నారడ్రినలిన్ మందు. 60 కిలోల రోగికి కిలోకు నిమిషానికి 0.1 మైక్రోగ్రాము ఇవ్వాలని డాక్టరు రాశారనుకుందాం. నిమిషానికి 6 మైక్రోగ్రాములు, గంటకు 360. సిరంజిలో 50 మిల్లీలీటర్లకు 4 మిల్లీగ్రాములు కలిపితే ఒక్కో మిల్లీలీటరులో 80 మైక్రోగ్రాములుంటాయి. అంటే పంపును గంటకు 4.5 మిల్లీలీటర్లకు పెట్టాలి. తొందరలో దశాంశ చుక్క మరిచి 45 అని నొక్కితే పదింతల మందు వెళ్తుంది. అందుకే ఇలాంటి మందులను ఇద్దరు విడివిడిగా లెక్కగట్టి సరిచూసుకునేలా నేర్పిస్తారు. ఈ క్రమశిక్షణ వెనకాల ఉన్నది మార్కులు కాదు, ఒక మనిషి.

కనిపించని సేవ

వెంటిలేటర్ మీదున్నవారికి ఊపిరితిత్తుల్లో ఇన్‌ఫెక్షన్ రావడం పెద్ద ముప్పు. దాన్ని అడ్డుకునేది ఖరీదైన మందులొక్కటే కాదు. తలవైపు మంచాన్ని 30 నుంచి 45 డిగ్రీలు ఎత్తి ఉంచడం, నోరు శుభ్రం చేయడం, కఫం తీయడం, ప్రతి రోగిని ముట్టుకునే ముందూ తర్వాతా చేతులు శుభ్రం చేసుకోవడం. పడకపుండ్లు పడకుండా సుమారు రెండు గంటలకోసారి పక్కకు తిప్పాలి. కళ్లు మూతపడనివారికి కంటిపాప ఎండిపోకుండా చూడాలి. ఇవన్నీ సరిగా జరిగితే ఎవరికీ తెలియదు. జరగకపోతేనే తెలుస్తుంది.

మాట్లాడటమూ సేవే. మత్తులో ఉన్నవారికీ కొంత వినిపించవచ్చు. 'పెద్దయ్యగారూ, ఇప్పుడు పక్కకు తిప్పుతున్నామండీ' అని చెప్పి ముట్టుకోవాలని విద్యార్థులకు నేర్పిస్తారు. పగలో రాత్రో తెలియని ఆ గదిలో చాలామంది పెద్దవాళ్లు తికమకపడి, గొట్టాలు పీకేసుకోబోతారు. ఇది పిచ్చి కాదు. డెలీరియం అనే స్థితి. ఇవాళ ఏ వారమో చెప్పడం, కళ్లజోడు, వినికిడి యంత్రం పెట్టడం, ఇంట్లోవాళ్ల గొంతు వినిపించడం మేలు చేస్తాయి.

మొదటి మరణం

ఏ పుస్తకమూ పూర్తిగా సిద్ధం చేయలేనిది ఇదే. పొద్దున తను నోరు తుడిచిన మనిషి, సాయంత్రానికి లేకపోవడం. ఇరవై ఏళ్ల వయసుకు అది చిన్న బరువు కాదు. 'నేనేమైనా తప్పు చేశానా?' అన్న ప్రశ్న హాస్టల్ గదిలో నిద్రపోనివ్వదు. మంచి ట్యూటర్లు ఆ రోజు విద్యార్థులను కూర్చోబెట్టి ఏం జరిగిందో, ఎందుకు జరిగిందో మాట్లాడతారు. ఏడవడం బలహీనత కాదని చెబుతారు. ఇంటికి ఫోన్ చేసినప్పుడు 'అందుకే వద్దన్నాం' అనకండి. 'చెప్పమ్మా, వింటున్నా' అంటే చాలు. వారాలు గడిచినా నిద్ర, తిండి కుదుటపడకపోతే మానసిక వైద్యుల సాయం తీసుకోవాలి.

చేరే ముందు

ఇంటర్‌లో ఫిజిక్స్, కెమిస్ట్రీ, బయాలజీలతో కనీసం 45 శాతం మార్కులుండాలి, ఇంగ్లిష్ పాసవ్వాలి. 17 ఏళ్లు నిండాలి. రిజర్వుడు వర్గాలకు మార్కుల్లో సడలింపు ఉంటుంది. ఆంధ్రప్రదేశ్‌లో విజయవాడలోని డాక్టర్ ఎన్టీఆర్ ఆరోగ్య విశ్వవిద్యాలయం, తెలంగాణలో వరంగల్‌లోని కాళోజీ నారాయణరావు ఆరోగ్య విశ్వవిద్యాలయం ప్రవేశాల ప్రకటనలు ఇస్తాయి. కాలేజీ భవనం చూసి మురిసిపోకుండా ఇవి అడగండి:

• నర్సింగ్ మండలి గుర్తింపు, విశ్వవిద్యాలయ అనుబంధం ఉన్నాయా?
• సొంత ఆసుపత్రి ఉందా? ఐసీయూలో నిజంగా రోగులుంటారా?
• వార్డులో విద్యార్థుల వెంట ట్యూటర్ ఉంటారా, లేక సిబ్బంది కొరత తీర్చడానికి వాడుకుంటారా?
• సాధన చేసే ప్రయోగశాల, బొమ్మలు ఉన్నాయా?
• రాత్రి డ్యూటీకి రానూపోనూ వాహనం ఉందా?

ఆరోగ్యం సంగతీ మరవొద్దు. ఆసుపత్రి పోస్టింగులకు ముందే హెపటైటిస్-బి టీకా మూడు మోతాదులు మొదలుపెట్టించాలి. వాడిన సూది గుచ్చుకుంటే భయపడి దాచిపెట్టకుండా, సబ్బునీళ్లతో కడిగి వెంటనే ట్యూటర్‌కు చెప్పాలి. హెచ్ఐవీ నివారణ మందులు అవసరమైతే వీలైనంత త్వరగా, 72 గంటలు దాటకుండా మొదలుపెట్టాలి.

డిగ్రీ తర్వాత ఏడాది పోస్ట్ బేసిక్ డిప్లొమా, రెండేళ్ల ఎమ్మెస్సీ ఉన్నాయి. ఐసీయూలో ఏడాది అనుభవముంటే రెండేళ్ల నర్స్ ప్రాక్టీషనర్ ఇన్ క్రిటికల్ కేర్ కోర్సులోనూ చేరొచ్చు.

అందరికీ ఈ చదువు సరిపడదు. రక్తం చూసి కళ్లు తిరగడం అలవాటైతే పోతుంది. తప్పు జరిగితే ఒప్పుకోలేని స్వభావం మాత్రం ఇక్కడ ప్రమాదం. మీ అమ్మాయి, అబ్బాయి ఈ దారి అడిగితే సీటు గురించి, సంబంధాల గురించి మాట్లాడే ముందు ఒక్క ప్రశ్న వేయండి: 'ఎందుకు చేయాలనుకుంటున్నావు?' జవాబు పూర్తయ్యేదాకా వినండి. రేపు మన ఇంట్లోవాళ్లు ఐసీయూలో ఉన్న రాత్రి, మంచం పక్కన నిలబడేది ఇలాంటి ఒక ఇంట్లో 'సరే చదువు' అనిపించుకున్న బిడ్డే.