ఫిడేలు అడిగిన తల్లి

హెడ్మాస్టరు ఉద్యోగం చేసినవాడికి ఊరు మారినా అలవాట్లు మారవు. ఎక్కడ బడి కనబడినా లోపలికి తొంగిచూడబుద్ధవుతుంది. ఎక్కడ విగ్రహం కనబడినా దానికింద చెక్కిన అక్షరాలు చదవబుద్ధవుతుంది. నిరుడు వేసవిలో ఎడింబరోలో మా అమ్మాయి ఇంట్లో రెండు నెలలున్నాను. అక్కడ ఈ రెండో అలవాటే నన్ను వొక కథ దగ్గరకు నడిపించింది. ఆ కథ విన్నాక పాతికేళ్ళు దాటిన నా తప్పొకటి నాకు జ్ఞాపకం వచ్చింది.

ఒక ఆదివారం మా అమ్మాయి నన్ను క్రేగ్‌మిల్లర్ కోటకు తీసుకుపోయింది. ఊరికి ఆగ్నేయంగా వున్న పాత కోట అది. స్కాట్లండు రాణి మేరీ 1566లో జబ్బుపడి కొన్నాళ్ళు అక్కడ వున్నదట. కోట చూసి బస్సుకోసం నడిచి వస్తూంటే గ్రంథాలయం దగ్గర వొక విగ్రహం కనబడింది. కత్తీ లేదు, గుర్రమూ లేదు. సాదా దుస్తుల్లో ఒక ఇల్లాలు, ఆవిడతోపాటు ఫిడేలుతో ఒక కుర్రవాడు.

“ఈవిడ సంగీత విద్వాంసురాలా అమ్మా?” అన్నాను.

“ఫిడేలు వాయించినావిడ కాదు నాన్నా, అడిగినావిడ” అన్నది మా అమ్మాయి.

ఇదేదో తేల్చుకోవాలని మర్నాడు ఒక్కణ్ణే బస్సెక్కి ఆ గ్రంథాలయానికి వెళ్ళాను. ఆవిడ పేరు హెలెన్ క్రమ్మీ. తన కథ తానే ‘లెట్ ది పీపుల్ సింగ్’ అనే పుస్తకంగా 1992లో రాసుకుంది. జనాన్ని పాడనివ్వండి అని దాని అర్థం. మూడు రోజులు అక్కడే కూచుని చదివాను.

మన దగ్గర సర్కారు పక్కా ఇళ్ళ కాలనీలున్నట్టే బ్రిటనులో మునిసిపాలిటీలు ఇళ్ళు కట్టి తక్కువ అద్దెకిచ్చే పద్ధతి వుంది. ఎడింబరో నడిబొడ్డున ఇరుకు సందుల్లో, గాలీ వెలుతురూ లేని గదుల్లో బతికే కుటుంబాలను తరలించడానికి 1920ల చివరినుంచి క్రేగ్‌మిల్లర్ ప్రాంతంలో వరసలు వరసలుగా ఇళ్ళు లేచాయి. స్నానాల గదులున్న ఇళ్ళు గదా అని జనం సంతోషంగానే వచ్చారు. వచ్చాక తెలిసింది, ఇళ్ళు కట్టినవాళ్ళు తక్కినవి మరిచిపోయారని. నలుగురూ కలిసే చోటు లేదు, పిల్లలు ఆడుకునే చోటు లేదు. చుట్టుపక్కల బీరు తయారీ కర్మాగారాలూ బొగ్గుగనీ వున్నంతకాలం మగవాళ్ళకు పని దొరికింది, అంతే. చిరునామా చెబితే చాలు, ఎదుటివాడి ముఖం మారిపోయేది. పేదల పేట అని ముద్ర పడిపోయింది.

ఇందులో విచిత్రమేమంటే అదే ఊళ్ళో 1947 నుంచి ఏటేటా అంతర్జాతీయ కళోత్సవం జరుగుతూ వుంది. ప్రపంచంలోని గొప్ప గొప్ప వాద్యకారులు, నటులు అక్కడికి వస్తారు. బస్సులో కాసేపటి ప్రయాణం. కాని క్రేగ్‌మిల్లరు పిల్లలకు ఆ ఉత్సవం చంద్రమండలంలో జరిగినట్టే.

1962లో హెలెన్ క్రమ్మీ తమ పేట బడికి వెళ్ళింది. తన పిల్లవాడికి ఫిడేలు నేర్చుకోవాలని వుంది, బడిలో నేర్పించడానికి వీలుంటుందా అని హెడ్మాస్టరుని అడిగింది. ఈ పిల్లలకు చదవడం, రాయడం, లెక్కలు చెయ్యడం నేర్పేసరికే తమ తల ప్రాణం తోకకు వస్తున్నదని ఆయన జవాబు.

ఈ వాక్యం దగ్గర పుస్తకం మూసేశాను. ఎందుకంటే సరిగ్గా ఇదే మాట నేనూ అన్నాను.

1996లో గుంటూరు జిల్లాలో వొక వూళ్ళో హెడ్మాస్టరుగా వున్నాను. బడి వెనకాలే పక్కా ఇళ్ళ కాలనీ. పొగాకు గ్రేడింగుకు వెళ్ళే ఒక తల్లి కొడుకుని వెంటబెట్టుకుని వచ్చింది. ఆరో క్లాసు కుర్రవాడు. బల్లమీద దరువు వేస్తున్నాడని రోజూ ఎవరో వొక మాష్టారి చేత మొట్టికాయలు తినేవాడు. “మేష్టారండీ, ఈడికి డోలుమీద చెయ్యి పడాలని వుందండి. తమరు గుళ్ళో వాయించే ఆయనకు వొక మాట చెబుతారాండి?” అన్నది. “ముందు పదిహేనో ఎక్కం రానియ్యమ్మా, తరవాత చూద్దాం” అన్నాను. గదిలో వున్నవాళ్ళు నవ్వారు. చమత్కారంగా మాట్లాడానని నేనూ మురిసిపోయాను. ఆ తల్లి మళ్ళీ రాలేదు.

హెలెన్ క్రమ్మీ ఊరుకోలేదు. బడి తల్లుల సంఘంలో ఈ సంగతి కదిలించింది. మా పిల్లల్లో విద్య లేదా, లేక చూసే కన్ను లేదా అని వాళ్ళు ఆలోచించారు. మన విద్యలు మనమే నలుగురికీ చూపిద్దామనుకుని 1964లో తమ పేటలోనే ఒక ఉత్సవం జరిపారు. పాడేవాళ్ళు పాడారు, ఆడేవాళ్ళు ఆడారు. ఎదురింట్లో వున్న మనిషి గొంతు అంత బాగుంటుందని ఎన్నేళ్ళు పక్కపక్కన బతికినా తెలియనివాళ్ళు ఆనాడు తెలుసుకున్నారు.

అది ఏటేటా సాగి క్రేగ్‌మిల్లర్ ఫెస్టివల్ సొసైటీ అయింది. పేట చరిత్రమీదా పేట కష్టాలమీదా సంగీత నాటకాలు తామే కూర్చుకుని, తామే వేషాలు వేశారు.

ఇక్కడే వుంది అసలు కీలకం. ఉత్సవం జరపాలంటే హాలు కావాలి. హాలుకోసం మునిసిపాలిటీకి అర్జీ రాయాలి. చందాలు పోగుచేసి పైసాతో సహా లెక్క చూపాలి. సభలో నిలబడి మాట్లాడాలి. అలిగినవాళ్ళను బుజ్జగించాలి. నాటకంకోసం ఇవన్నీ నేర్చుకున్న తల్లులు ఆ విద్యనే ఆటస్థలంకోసం, పసిపిల్లల బడికోసం, వృద్ధుల సహాయంకోసం వాడారు. రంగస్థలంమీద నలుగురి ఎదుట నోరు విప్పిన ఇల్లాలికి కౌన్సిలరు ఎదుట నోరు విప్పడం పెద్ద పనిగా తోచలేదు.

1970ల నడుమ ఆ పేటవాళ్ళే కూచుని తమ పేటకు ఏమేమి కావాలో ఇళ్ళు, బడులు, ఉద్యోగాలు, వైద్యం అన్నీ కలిపి వందలకొద్దీ సూచనలతో పెద్ద ప్రణాళిక తయారుచేశారు. యూరోపియను ఆర్థిక సమాజం పేదరిక నిర్మూలన పథకంకింద 1976లో వాళ్ళకు సొమ్ము మంజూరు చేసింది. ఒక ఫిడేలు దగ్గర మొదలైన సంగతి అక్కడిదాకా పోయింది!

ఆ యేడే వాళ్ళ పార్కులో గలివరు బొమ్మ వెలిసింది. సిమెంటుతో చేసిన పెద్ద రాక్షసుడు పడుకుని వుంటే పిల్లలు వాడిమీదకెక్కి ఆడుకునేవారు. రూపకల్పన చేసినవాడు జిమ్మీ బాయిల్. హత్యానేరానికి గ్లాస్గో జైల్లో యావజ్జీవ శిక్ష అనుభవిస్తూ శిల్పం నేర్చుకున్న మనిషి. ఆవిష్కరణకు హాస్యనటుడు బిల్లీ కానలీ వచ్చాడు. పనికిరానివాడని లోకం తోసేసిన మనిషిచేత పనికిరానిదని తోసేసిన పేట బొమ్మ చేయించుకుంది.

ఇంతటితో ఆ పేట స్వర్గమయిందని రాస్తే అబద్ధమవుతుంది. గని మూతపడింది, బీరు కర్మాగారాలు మూతపడ్డాయి. ఆ ఉద్యోగాలను ఏ నాటకమూ తిరిగి తేలేదు. పాత ఇళ్ళు చాలా పడగొట్టి కొత్తవి కట్టారు. సొసైటీకూడా 2002లో మూతపడింది. గలివరు ఇప్పుడు లేడు. హెలెన్ క్రమ్మీ 2011లో కన్నుమూసింది. ఆమె విగ్రహం 2014లో నిలబెట్టారు.

కాని పోనిది వొకటుంది. ఆమె కొడుకు ఆండ్రూ క్రమ్మీ చిత్రకారుడయ్యాడు. స్కాట్లండు చరిత్రంతా సూదీ దారంతో కుట్టిన మహా చిత్రపటానికి బొమ్మలు గీసినవాడు అతనే. 2013లో పూర్తయిన ఆ పటంలో 160 భాగాలున్నాయి. కుట్టినవాళ్ళు దేశం నలుమూలలా వున్న వెయ్యిమంది మామూలు మనుషులు. తల్లి పేటలో చేసిన పనినే కొడుకు దేశమంతటా చేశాడన్నమాట.

తిరిగి వచ్చాక, సంక్రాంతికి ముందు, ఆ పాత వూరు వెళ్ళాను. కాలనీ ఇళ్ళు కొన్ని మేడలయ్యాయి, కొన్ని పెచ్చులూడుతున్నాయి. నడుమ కమ్యూనిటీ హాలుకు తాళం వేసివుంది. కిటికీలోంచి చూస్తే సిమెంటు బస్తాలు.

ఆ తల్లి ఇల్లు కనుక్కుని వెళ్ళాను. తల నెరిసింది. పొగాకు పని మానేసిందట. “అయ్యో మేష్టారండీ!” అని నులక మంచం వాల్చింది. అబ్బాయి ఏం చేస్తున్నాడని అడిగాను.

“హైదరాబాదులో తాపీ పనండి. ఇద్దరు పిల్లలండి.”

“ఇప్పటికీ దరువు వేస్తాడా?”

ఆమె నవ్వింది. “ఏ దరువండి?” అన్నది. ఆ రోజు జరిగింది ఆమెకు జ్ఞాపకమే లేదు. నేను మాత్రం క్షమించమని అడగడానికే వచ్చాను. జ్ఞాపకం లేని మనిషిని ఏమని క్షమించమంటాను? తలవంచుకుని కూచున్నాను.

కాసేపటికి, ఈ కాలనీలో పాటా ఆటా వచ్చినవాళ్ళు ఎవరైనా వున్నారా అని అడిగాను. ఎవరుంటారండి అన్నది ముందు. తరవాత వేళ్ళు మడవడం మొదలుపెట్టింది. మూడో వీధిలో బుర్రకథ చెప్పిన ముసలాయన. కోలాటం కట్టించే వొకావిడ. ముగ్గులు వేస్తే ఊరంతా వచ్చి చూసే కోడలు పిల్ల. భజనలో హార్మణీ వాయించే ఆటో అబ్బాయి. ఒక చేతి వేళ్ళు చాలక రెండో చెయ్యి తీసింది.

“ఇంతమంది వున్నారాండి!” అని తనే ఆశ్చర్యపోయింది.

“ఆ హాలు తాళంచెవి ఎవరి దగ్గరుందమ్మా?” అన్నాను.

“మునిసిపాలిటీ ఆఫీసులో అడగాలండి.”

మర్నాడు పొద్దున్నే అర్జీ కాగితం పట్టుకుని ఇద్దరం వెళ్ళాం. రాసింది నేను; మొదటి సంతకం ఆమెది.