దారి వెడల్పు, దారి పొడవు

1969వ సంవత్సరము అక్టోబరు 29వ తేదీ రాత్రి పదిన్నర గంటల వేళ, లాస్ ఏంజెలిస్‌లోని కాలిఫోర్నియా విశ్వవిద్యాలయమున ఆచార్య లియొనార్డ్ క్లైన్‌రాక్ పర్యవేక్షణలో పనిచేయుచున్న చార్లీ క్లైన్ అను విద్యార్థి, సుమారు 350 మైళ్ల దూరమున స్టాన్‌ఫర్డ్ పరిశోధన సంస్థలో నున్న కంప్యూటరునకు 'లాగిన్' అను మాటను పంపబూనెను. మొదటి అక్షరము చేరినదా యని టెలిఫోనులో అడుగగా, చేరినదని ఆవలినుండి బిల్ డువాల్ బదులు చెప్పెను. రెండవదియు చేరెను. మూడవ అక్షరము నొక్కినంతనే ఆవలి యంత్రము నిలిచిపోయెను. లోపమును సవరించి, గంటసేపటికి మరల యత్నింపగా సంధానము సంపూర్ణముగా కుదిరెను. ఏటేటా అక్టోబరు 29న జరుపుకొను అంతర్జాల దినము ఆ రాత్రిని పురస్కరించుకొని ఏర్పడినదే.

టెలిఫోను తీగ ఇద్దరు మాటాడుచున్నంతసేపు వారి సొత్తై యుండెడిది. వారు మౌనము వహించినను మూడవవానికి అందు చోటు లేదు. అమెరికాలో పాల్ బారన్, ఇంగ్లండులో డొనాల్డ్ డేవిస్ ఒకరి కృషి నొకరెరుగకయే ఊహించగా ఆ రాత్రి సంధానము అనుసరించిన పద్ధతిలోనైతే, సందేశము చిన్నచిన్న ప్యాకెట్లుగా విభక్తమై, ప్రతి ప్యాకెట్టును తన గమ్యపు చిరునామాను, వరుస సంఖ్యను మోసికొని, దొరికిన మార్గమున పోయి, గమ్యస్థానమున తిరిగి వరుసగా కూడికొనును. నడుమ నేదేని లోపించినచో, దానిని మాత్రమే మరల పంపిన చాలును. వింట్ సెర్ఫ్, బాబ్ కాన్ రూపొందించిన నియమములను 1983 జనవరి 1న, 1969లో మొదలైన ఆ జాలమంతయు స్వీకరించుటతో, వేర్వేరు జాలములు ఒకదానితో నొకటి కలియుటకు వీలేర్పడెను. అదే అంతర్జాలపు అసలు జన్మదినమని కొందరందురు. నాకును ఆ పక్షమే న్యాయముగా తోచును.

ఆనాటి తొలి తీగల వేగము సెకనుకు 50,000 బిట్లు. నేడు చేతిఫోనుతో తీసిన మూడు మెగాబైట్ల ఛాయాచిత్రమును ఆ తీగపై పంపవలెనన్న ఎనిమిది నిమిషములు పట్టును. నేటి సముద్రాంతర కేబులులో ఒక్క జత గాజు తంతువులపై సెకనుకు పది లక్షల కోట్ల బిట్లకు మించి ప్రవహించుచున్నవి. స్వచ్ఛమైన గాజులో వెలుగు చాలదూరము పోగలదని 1966లో ప్రతిపాదించిన చార్లెస్ కావ్‌కు 2009లో నోబెల్ బహుమానము లభించెను. వెంట్రుకవంటి ఒకే తంతువులో కంటికానని పెక్కు వర్ణముల కాంతిని ఏకకాలమున పంపుటయు, క్షీణించిన కాంతిని విద్యుత్తుగా మార్చకయే ఎర్బియము కలిపిన గాజులో తిరిగి బలపరచుటయు ఈ వృద్ధికి మూలకారణములు.

కాని వెడల్పైనది దారి మాత్రమే; దాని పొడవు తగ్గలేదు. గాజులో కాంతి సెకనుకు సుమారు రెండు లక్షల కిలోమీటర్లు పోవును. హైదరాబాదునుండి శాన్‌ఫ్రాన్సిస్కోకు సూటి దూరమే 13,000 కిలోమీటర్లకు మించును గనుక, అక్కడనున్న కుమార్తెను ఇక్కడి తల్లి పలుకరించి బదులు వినుటకు, ఎంతటి గాజు కేబులు వేసినను, సెకనులో ఎనిమిదవ వంతుకన్న తక్కువ కాలము చాలదు. అందుచేతనే తంతువు నడుమ గాజునకు మారుగా గాలిని నింపి, కాంతిని దాదాపు శూన్యములోవలె పరుగెత్తించు బోలు తంతువులను శాస్త్రజ్ఞులు నిర్మించుచున్నారు. వాటియందు ఆలస్యము మూడవ వంతు తగ్గును.

ఇది ఆశ్చర్యకరమైన విద్యయే. అయినను నా మనస్సు, కరెంటు స్తంభమునకు నల్లని ఫైబరు చుట్టలు వ్రేలాడుచున్న పల్లెలపైననే యున్నది. భారతదేశమున 1995 ఆగస్టు 15న ప్రజలకు అంతర్జాలము అందుబాటులోనికి వచ్చెను. తరువాత భారత్‌నెట్ అను ప్రభుత్వ పథకము పంచాయతీలను కలుపుటకు పూనుకొనెను. పంచాయతీ కార్యాలయమునుండి పాఠశాలకు, ఆసుపత్రికి పోవలసిన చివరి అరకిలోమీటరే నేటికిని కష్టము. అందును దిగుమతి వేగమునే ఘనముగా చాటుదురుగాని, ఎగుమతి వేగమును గూర్చి అడుగువారు తక్కువ. మూడువందల చిత్రములు గల ఒక సి.టి. స్కాను సుమారు 150 మెగాబైట్లు. ఎగుమతి సెకనుకు రెండు మెగాబిట్లైనచోట, ఆ స్కాను పెద్దాసుపత్రి వైద్యుని కన్నులకు చేరుటకు పది నిమిషములు పట్టును, నూరు మెగాబిట్లున్నచోట పన్నెండు సెకనులు చాలును.