నిప్పురవ్వతో ఉక్కుకు చిల్లు

స్విచ్చి ఆర్పేటప్పుడు లోపల చిటుక్కున మెరుపు మెరవడం మీరు చూసే ఉంటారు. మెరిసినప్పుడల్లా అక్కడి లోహం రవ్వంత కరిగిపోతుంది. ఈ అరుగుదలను తగ్గించాలని 1943లో సోవియట్ శాస్త్రజ్ఞులైన లజరెంకో దంపతులు, బోరిస్, నటాలియా, లోహపు ముక్కలను నూనెలో ముంచి చూశారు. అరుగుదల ఆగలేదు. కాని రవ్వలు ఒక క్రమంలో పుట్టసాగాయి. అయితే వీటితోనే లోహాన్ని చెక్కితే?

ఈ పద్ధతిలో రాగి పనిముట్టు ఉక్కును తాకనే తాకదు! మధ్య వెంట్రుకవాసి సందు, అందులో కిరసనాయిలు వంటి నూనె. సెకనుకు వేలసార్లు రవ్వలు దూకుతాయి. రవ్వ పడినచోట వేడి 8,000 డిగ్రీల సెంటీగ్రేడు దాటవచ్చు. ఉక్కు చుక్కచుక్కగా కరిగి, పొడియై నూనెలో కొట్టుకుపోతుంది. మరి నూనె అంటుకోదా? రవ్వ పుట్టేది నూనె లోపల; అక్కడ గాలి ఏదీ? పనిముట్టు నలుచదరంగా ఉంటే చిల్లూ నలుచదరమే. డ్రిల్లుకు అది చేతకాదు. ఎంత గట్టి ఉక్కైనా లొంగుతుంది. కరెంటు పారని గాజు మాత్రం లొంగదు.